ఏటి వైపు చివరి ఇల్లు

మే 28

పిట్టా,

క్యాంపులో ఫోను పనిచెయ్యదని, వారానికోసారి వచ్చే జీపులోనే ఉత్తరాలు వస్తాయి, పోతాయని రాశావు. మీ నాన్న దానికే కంగారుపడిపోతున్నాడు. నాకైతే హాయిగా ఉంది. ఫోనులో అయితే "ఆఁ, ఊఁ, సరే అత్తా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు. కాగితం మీద అలా తప్పించుకోలేవు.

నీకు గార్డు ఉద్యోగం వచ్చిందంటే సంతోషించాను. ఎక్కడికి వేశారో చదివాక కుట్టు మిషను ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. మేం ఖాళీ చేసి వచ్చిన ఊరికే వేశారు నిన్ను. నువ్వప్పటికి పుట్టనే లేదు. అభయారణ్యం అని గీత గీశారు, మా ఊరు ఆ గీత లోపల పడింది. లారీలెక్కించి తెచ్చి ఈ మేడల్లో దింపారు. ఏట్లో పడవ నడిపిన మీ మావయ్య ఇక్కడ పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపాడు. పైకీ కిందకీ తప్ప పక్కకి పోని పడవ అనేవాడు దాన్ని.

ఊరివాళ్ళు పెంచిన చెట్లన్నీ కొట్టేసి మళ్ళీ గడ్డి మొలిపిస్తారని, నీ మొదటి పని అదేనని రాశావు కదా. అందుకే ఈ ఉత్తరం.

మాకో పాప పుట్టి పోయిందని నీకు తెలుసు. అంతకు మించి ఎవరూ చెప్పి ఉండరు. దానికింకా బోర్లా పడటం కూడా రాలేదు. ఇంటి వెనకే పడుకోబెట్టాం. దాని మీద మీ మావయ్య జామ మొక్క నాటాడు. లారీ ఎక్కేరోజు చీపురుకట్ట కూడా మర్చిపోకుండా తెచ్చుకున్నాం. దాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

మంచం పట్టిన దగ్గర్నించి మీ మావయ్యకి మాట ముద్దగా వస్తోంది. అయినా రోజూ అడిగేది ఒకటే, జామ కాసిందా అని. గుర్తులు చెప్తాను, జాగ్రత్తగా విను. మాది ఏటి వైపు చివరి ఇల్లు. దాని తర్వాత ఇల్లు లేదు, ఏరే. ఇంటి వెనక ఉన్నది ఒక్కటే జామ. మా ఊళ్ళో తూర్పూ పడమరా ఎవరికీ పట్టేవి కావు. ఏటి వైపు, గట్టు వైపు, అంతే. అన్నాల దగ్గర కూడా "ఆ ఏటి వైపు గిన్నె ఇటియ్యి" అనేవాళ్ళం.

ఆ ఒక్క చెట్టూ ఉంచమని మీ పెద్దాయన్ని అడగగలవా? కొత్త ఉద్యోగం, నోరు తెరవడం కష్టమని నాకూ తెలుసు. మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ అది ఉంటే చాలు.

వేళకి తిను. చెప్పులు దులుపుకుని తొడుక్కో.

అత్త


జూన్ 9

అత్తా,

ముందు మావయ్యకి చెప్పు, చెట్టు ఉంది. నిక్షేపంలా ఉంది.

గోడలేం మిగల్లేదు గానీ, గడ్డి పక్కకి తీస్తే ఇళ్ళ పునాదులు వరసగా కనిపిస్తున్నాయి. వాటిని పట్టుకుని ఏటి వైపు నడుచుకుంటూ పోయాను. చివరి పునాది, దాని వెనక ఒకే ఒక్క జామ, ఆ తర్వాత ఏరు. నువ్వు రాసింది రాసినట్టే ఉంది. కాసేపు దాని కింద కూర్చున్నాను. ఎందుకో ఏడుపొచ్చింది. నాకంటే పెద్దది కదా తను, ఉండి ఉంటే వదినా అని పిలిచేదాన్ని.

రేంజరు గారిని అడగడానికి మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వడం మాత్రం రాదు. "ఒక్క చెట్టు వదిలితే పిట్టలు దాని గింజలు మైదానమంతా జల్లుతాయి. మళ్ళీ జామ పొదలు లేస్తాయి, గడ్డి చస్తుంది" అన్నాడు. నేను పాప సంగతి చెప్పాను. వంగి బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, "కాయలు పండకముందే నువ్వే కోసెయ్యాలి. ఒక్క పండు రాలినా ఊరుకోను" అన్నాడు. వెళ్ళి మొదలు చుట్టూ తెల్ల సున్నం పట్టీ వేసి వచ్చాను. ఇంక దాని మీద ఎవరూ రంపం పెట్టరు.

నిన్న గడ్డిలో జింకపిల్ల ఒంటరిగా పడుకుని కనిపించింది. తల్లి వదిలేసిందేమోనని ఎత్తుకోబోయాను. మా పడవ సరంగు కసిరాడు. తల్లి వాసనకి నక్కలు వస్తాయట, అందుకని పిల్లని గడ్డిలో దాచి తను దూరంగా నిలబడి చూస్తూ ఉంటుందట. మనం ముట్టుకుంటేనే దానికి ముప్పు.

మిగతా చెట్లు కొట్టడం అయిపోవచ్చింది. మడుగు ఒడ్డున ఒక ముసలి జామ మమ్మల్ని ఏడిపించింది. సగం కోశాక రంపం కీచుమని అరిచి పళ్ళు పోయాయి. చూస్తే చెట్టు కడుపులో ఇనుప కడియం. ఎవడు దిగ్గొట్టాడో గానీ, చెక్క దాని చుట్టూ పెరిగి సగం మింగేసింది. చివరికి గొడ్డలితో నేనే పడగొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. కడియం తెచ్చుకుని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను.

నీ
పిట్ట


జూన్ 20

పిట్టా,

నీ ఉత్తరం మీ మావయ్యకి చదివి వినిపించాను. చెట్టు ఉందనగానే కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

నా ఒంట్లో బాగాలేదు, ఎక్కువ రాయలేను. బడి బట్టలు కుట్టాల్సినవి గుట్టగా పడి ఉన్నాయి.

ఒక్కటి అడుగుతాను. ఆ మడుగు ఎలా ఉంటుంది? గుండ్రంగానా, వంకరగానా?

ఇక మీదట కొట్టే చెట్ల గురించి నాకు రాయకు. సున్నం పట్టీ వేసిన దాని గురించే రాయి. మీ మావయ్యకి చదివి వినిపించాలి కదా. ఆ కడియం మాత్రం పారెయ్యకు. ఇనుము ఎప్పుడైనా పనికొస్తుంది.

అత్త


జూలై 6

అత్తా,

నీకు నా మీద కోపం వచ్చింది. లేకపోతే నువ్వు అంత చిన్న ఉత్తరం రాయవు. నీ ఊరి చెట్లు నా చేత్తో కొట్టి, అదేదో ఘనకార్యంలా బొబ్బల గురించి రాశాను. నోరు జారాను, కాదు, కలం జారింది. కానీ ఒక్కసారి ఇటు వైపు నుంచి కూడా చూడు. మీరంతా వెళ్ళాక పెరటి జామలు అడవై కూర్చున్నాయి. వాటి కింద గడ్డి లేదు, గడ్డి లేకపోతే జింకలు లేవు, గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టలూ లేవు. వాటికి వేరే చోటు లేదు. మీ ఊరిని తీసేసింది వీటి కోసమే కదా. ఆ పనైనా సరిగ్గా చెయ్యకపోతే మీరు పడిన కష్టం దేనికి?

ఇలా రాసినందుకు ఇంకా కోపం వస్తే, ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టు. దూరం నుంచి ముక్తసరిగా రాయకు.

మడుగు కొడవలిలా వంగి ఉంటుంది. ఎందుకడిగావో తెలీదు.

ఇంక సున్నం పట్టీ చెట్టు సంగతి. కాపు బాగా ఉంది. మాటిచ్చాను కాబట్టి కాయలు పచ్చిగానే కోస్తున్నాను, క్యాంపులో అందరికీ పళ్ళు పులిసిపోతున్నాయి. మొదటి కాయ మావయ్య పేరు చెప్పుకుని తిన్నాను.

వానలు మొదలయ్యాయి. మొన్న నీళ్ళు ఒక్కసారిగా పెరిగి, పడవ కట్టిన గుంజ ఊడిపోయింది. పడవ మా కళ్ళముందే కొట్టుకుపోయింది. ఇంకో పడవ వచ్చేదాకా మేం మంచె మీదే ఉండిపోయాం. నాన్నకి చెప్పకు.

పిట్ట


జూలై 15

అమ్మాయీ,

ఇది రాస్తున్నది మీ మావయ్యకి కాళ్ళు చేతులు ఆడించడానికి వచ్చే నర్సుని. మీ అత్తయ్య బట్టలు ఇచ్చి రావడానికి బజారుకి వెళ్ళారు. ఈలోగా రాసెయ్యమని ఈయన ఒకటే తొందర. ఆయన ఎలా చెప్తే అలా రాస్తున్నాను.

"పిట్టా, చెట్టు కాపాడావు. సంతోషం. మీ అత్తకి తెలియకుండా ఒక పని చేసిపెట్టు. చెట్టు పెద్దదయ్యాక మొదలుకి నేనొక ఇనుప కడియం దిగ్గొట్టాను. వరదొస్తే ఏరు మా పెరట్లోకి వచ్చేది. పడవ తాడు దానికే కట్టేవాణ్ణి. పిల్ల మీద మేకు కొడతావా అని మీ అత్త నాతో నెలరోజులు మాట్లాడలేదు. కానీ ఎంత వరదొచ్చినా పడవ పోలేదు. పిల్లే పట్టుకుని ఉండేది. కడియం ఇంకా ఉందా? చెట్టు మింగేసిందా? చూసి చెప్పు. మీ అత్త దగ్గర ఆ మాట ఎత్తకు, బాధపడుతుంది. జవాబు నర్సమ్మ పేరున రాయి."

ఆయన అలిసిపోయారు. త్వరగా జవాబు రాయండి.


జూలై 24

మావయ్యా,

నీ ఉత్తరం అందగానే వెళ్ళి చూశాను. కడియం ఉంది. చెట్టు దాన్ని సగం మింగింది, సగం బయటికి ఉంది. లాగి చూశాను, కదల్లేదు. తాడు రాసుకున్న చోట అరిగి నున్నగా మెరుస్తోంది. నువ్వు ఎంత గట్టిగా దిగ్గొట్టావో గానీ చెట్టున్నన్నాళ్ళూ ఉంటుంది.

అత్తకి చెప్పను. నువ్వు నర్సమ్మ చెప్పినట్టు విను, చేతులాడించు. నా సెలవుల్లో వచ్చినప్పుడు నాకు ముడులు వెయ్యడం నేర్పాలి.

నీ
పిట్ట


ఆగస్టు 3

అత్తా,

ఈ ఉత్తరం మావయ్యకి చదవకు. ఆయన ముందు విప్పను కూడా విప్పకు.

పది రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. నేను సున్నం పట్టీ వేసింది మన చెట్టుకి కాదు. మన చెట్టుని నేనే కొట్టేశాను. రంపం పళ్ళు పోగొట్టిన ఆ మడుగు ఒడ్డు జామే మనది. కడియం మావయ్యదేనని ఆయనే రహస్యంగా నర్సమ్మ చేత రాయించాడు. అది చదివి సరంగు దగ్గరికి పరిగెత్తాను. "మీరు మడుగంటారు గానీ, అదే పాత ఏరమ్మా. ఊరు ఖాళీ అయ్యాక వచ్చిన పెద్ద వరదకి ఏరు ఊరిని దాటి గట్టు వైపుకి మారిపోయింది. పాత దారి తెగిపోయి మడుగైంది" అన్నాడు. ఆయనకి ఎప్పట్నించో తెలుసు, నేనే అడగలేదు. నువ్వు ఏటి వైపు అన్నావు. నేను ఇప్పుడున్న ఏటి వైపు వెళ్ళాను.

గొడ్డలి వేరేవాళ్ళ చేతికి ఇచ్చినా ఇంత బాధ ఉండేది కాదు. నవ్వుకుంటూ కొట్టాను అత్తా. ఆ నవ్వు గుర్తొస్తే నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి.

మావయ్యకి అబద్ధం రాశాను. కడియం చెట్టుకే ఉందని రాశాను. అది ఇప్పుడు నా తలుపు దగ్గరుంది. నువ్వు తిట్టినా, ఇక మాట్లాడకపోయినా పడతాను. ఆయనకి మాత్రం చెప్పకు.

పిట్ట


ఆగస్టు 4

పిట్టా,

మీ మావయ్య నిన్న పొద్దున పోయాడు. బాధపడలేదు. టీ తాగించి, గిన్నె కడిగి వచ్చేసరికి అయిపోయింది. మీ నాన్న వచ్చి అన్నీ చూసుకున్నాడు. నీకు కబురందేలోగా నువ్వు రాలేవని నాకు తెలుసు, అందుకు బెంగపడకు.

ఆయన దిండు కింద నువ్వు నర్సమ్మ పేరున రాసిన ఉత్తరం దొరికింది. మడతలు నలిగి చిరిగిపోయేటట్టు ఉంది. ఎన్నిసార్లు చదివించుకున్నాడో. దాన్ని చదివితే, అసలు సంగతి నీకూ తెలిసిపోయిందని అర్థమైంది. అందుకే ఇప్పుడు చెప్తున్నాను. నాకు జూన్‌లోనే తెలుసు. ఇనుప కడియం అన్న చోట నా కళ్ళు ఆగిపోయాయి. మీ మావయ్య "ఊఁ, తర్వాత?" అంటున్నాడు. జింకపిల్ల దగ్గర ఆపేసి, అంతే రాసిందని చెప్పాను. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను.

కోపం రాలేదంటే అబద్ధం. నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. మా పిల్ల మీద గొడ్డలి వేసి బొబ్బలెక్కాయని నాకు చెప్తుందా అనుకున్నాను. నీ మొహం చూడకూడదని కూడా అనుకున్నాను, రెండు రోజులు. తర్వాత నువ్వు మడుగు కొడవలిలా ఉందని రాశావు. ఏరు పక్కకి జరిగితే అలాంటి మడుగే మిగులుతుంది. పడవవాడి పెళ్ళాన్ని, ఏరు కదులుతుందని నాకు తెలియదా? నా మనసులో ఏరు లారీ ఎక్కిన రోజు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. నేను దారి తప్పు చెప్పి నీ మీద కోపం పెట్టుకున్నాను.

ఆయన కడియం మాట నా దగ్గర దాచాడు, నేను చెట్టు మాట ఆయన దగ్గర దాచాను. ఒక్క గదిలో ఇద్దరం. నువ్వు ఆయనకి ఆ అబద్ధం రాయకపోతే ఆయనకి జవాబు లేకుండానే పోయేది. నేనైతే చెప్పగలిగేదాన్ని కాదు.

ఇల్లు మరీ పెద్దదైపోయింది.

అత్త


ఆగస్టు 16

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. జీపు డ్రైవరు నాది తీసుకుంటూనే నీది చేతిలో పెట్టాడు. ఎక్కడ చదవాలో తెలియక మంచె ఎక్కి చదివాను.

మావయ్య లేడంటే ఇంకా నమ్మలేకపోతున్నాను. ముడులు నేర్పమని రాశాను, నేర్పుతాడనే అనుకున్నాను. నీ కోపం గురించి రాసినందుకు నీకు దండం పెట్టాలనిపించింది. నువ్వు కోపం రాలేదని రాసి ఉంటే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

రోజూ పని అయ్యాక అక్కడికి వెళ్తున్నాను. ఒక సంగతి. జామ అంత తేలిగ్గా చావదు. మొద్దు చుట్టూ వేళ్ళ నుంచి పిలకలు లేస్తున్నాయి, జానెడు ఎత్తున్నాయి. కొట్టిన చెట్లన్నిటి పిలకలూ పీకడం నా పనే. వీటిని మాత్రం ముట్టుకోలేదు. చుట్టూ గడ్డి నా నడుమెత్తు ఉంది కాబట్టి ఎవరికీ కనపడవు. నువ్వు ఊఁ అంటే ఒక్క పిలక ఉంచేస్తాను. రెండేళ్ళలో చెట్టవుతుంది. రేంజరు గారికి నేను చెప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోయింది.

కడియం సెలవుల్లో తెచ్చి నీకిస్తాను. తుప్పు తోమి నూనె రాశాను. రోజూ తలుపుకి అడ్డం పెట్టుకున్నదాన్ని ఇప్పుడు బట్టలో చుట్టి పెట్టుకున్నాను.

పిట్ట


ఆగస్టు 27

పిట్టా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఊఁ అనే అనుకున్నాను. ఒక్క పిలకేగా, ఎవరికి అడ్డం అనుకున్నాను. కాగితం తీసి ఉంచమని రాశాను కూడా. పొద్దున లేచి ఆ కాగితం చింపేశాను.

పీకెయ్యమ్మా. నువ్వే పీకు. చెట్టు ఎవరి కోసం ఉంచమన్నానో ఆయన వెళ్ళిపోయాడు. మా ఊరిని గడ్డి కోసమే తీశారు, గడ్డి అయినా సరిగ్గా మొలవాలి అని నువ్వే రాశావు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు అదే నిజమనిపిస్తోంది. పిల్లని అక్కడ వదిలేసి వచ్చేశానని ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నువ్వు రాసిన తల్లిజింక గుర్తొచ్చింది. నేనూ దూరంగా నిలబడి చూస్తూనే ఉన్నాను పిట్టా, ఒక్క రోజు కూడా కళ్ళు తిప్పుకోలేదు. ఇంక ఆ పిల్ల గడ్డిలోనే ఉండనీ. పక్కన జింకపిల్లలు పడుకుంటాయి.

ఆ సున్నం పట్టీ చెట్టు కూడా కొట్టెయ్యండి. అది గట్టు వైపు చివరి ఇల్లు, మా తోడికోడలిది. కోడిపెట్ట గొడవలో నాతో పదేళ్ళు మాట్లాడలేదు. తన చెట్టుకి మనవాళ్ళు కాపలా కాశారని తెలిస్తే పై నుంచి పగలబడి నవ్వుతుంది. ఆ మాట అనుకుని ఆయన పోయాక మొదటిసారి నేనూ నవ్వాను. తర్వాత ఏడుపు ఆగలేదు.

కడియం నాకు తేవద్దు. ఈ మేడ మీద దాన్ని ఎక్కడ పెట్టుకోను, దేనికి కట్టుకోను? మీ పడవ కట్టే చోట గట్టి స్తంభం పాతించు. దానికి ఈ కడియం దిగ్గొట్టించు. మేకు లోపలికంటా పోవాలి, మీ మావయ్య కొట్టినట్టు. గుంజ ఊడిపోయి పడవ పోయిందని నువ్వు రాసినప్పట్నించీ నాకు కునుకు లేదు. ఒకర్ని అక్కడ పోగొట్టుకున్నాను, ఇంకొకర్ని పోగొట్టుకోలేను.

అత్త


సెప్టెంబరు 12

అత్తా,

పిలకలన్నీ పీకేశాను. ఒక్కొక్కటీ వేళ్ళతో సహా వచ్చేదాకా నెమ్మదిగా లాగాను. చేతులకి వాసన రెండు రోజులు పోలేదు. కడుక్కోబుద్ధి కూడా కాలేదు. ఆ చోటు ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు, అంతా గడ్డే. తోడికోడలు గారి చెట్టు కూడా అయిపోయింది. రంపం ఇంకో వైపు రేంజరు గారే పట్టుకున్నాడు.

కొత్త స్తంభం పాతాం. కడియం దిగ్గొట్టేటప్పుడు సరంగు నన్నే సుత్తి పట్టుకోమన్నాడు. ముడి కూడా ఆయనే నేర్పాడు. మావయ్య వేసే ముడి ఇదేనట, ఏటి మీద అందరూ వేసేది ఇదేనట.

నాలుగో తారీఖున పెద్ద వరద వచ్చింది. మడుగూ ఏరూ కలిసిపోయి, ఏ వైపు ఏరో తెలియకుండా అంతా నీళ్ళే. పాత గుంజలన్నీ పోయాయి. తెల్లారి మంచె మీద నుంచి భయపడుతూనే కిందకి చూశాను.

పడవ ఉంది అత్తా. వదిన పట్టుకుని ఉంది.

నీ
పిట్ట